రైలు రద్దయ్యాక "రిఫండ్ ఇప్పిస్తాం" అని ఫోన్ వస్తే?

యలమంచిలి నుంచి మాట్లాడుతున్నాను. మన స్టేషన్ హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది కదా, పెద్ద తుఫాను వస్తే చాలు, ఈ లైన్లో రైళ్లు రద్దవుతాయి. సరిగ్గా అప్పుడే మోసగాళ్లకి పని దొరుకుతుంది. ఈరోజు ఆ ఒక్క మోసం గురించే వివరంగా చెప్తాను.

ఎలా జరుగుతుందంటే, రైలు రద్దయింది, డబ్బులింకా రాలేదు. మనం గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతుకుతాం. అక్కడ దొంగ నంబర్లూ ఉంటాయి. లేదంటే కోపంలో పీఎన్ఆర్, ఫోన్ నంబర్ రెండూ ఎక్స్‌లో పెట్టేస్తాం. వాడు అది చూసి తనే ఫోన్ చేస్తాడు. పీఎన్ఆర్ కొడితే రైలు, తేదీ ఎవరికైనా కనిపిస్తాయి. అవి కరెక్ట్‌గా చెప్పేసరికి మనం నమ్మేస్తాం.

తర్వాత "ఎనీడెస్క్ వేసుకోండి" అంటాడు. అది దొంగ యాప్ కాదు, కానీ దాంతో మన స్క్రీన్ వాడికి కనిపిస్తుంది, ఓటీపీతో సహా. లేదా వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపిస్తాడు. 2023లో ఇలాంటి నకిలీ యాప్ తిరుగుతోందని ఐఆర్‌సీటీసీయే హెచ్చరించింది. యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే వేసుకోండి.

ఇప్పుడు అసలు రూల్ వినండి. రైల్వేయే రైలుని పూర్తిగా రద్దు చేస్తే, ఈ-టికెట్ డబ్బు మీరు కట్టిన ఖాతాకే దానంతటదే వస్తుంది. టీడీఆర్ కూడా అక్కర్లేదు. రైలు 3 గంటలు దాటి లేటై, మీరు ఎక్కకపోతే మాత్రం టీడీఆర్ వెయ్యాలి. అది కూడా మీరు ఎక్కాల్సిన స్టేషన్ నుంచి రైలు కదిలేలోపు, ఐఆర్‌సీటీసీలో మీరే. అంటే ఫోన్ చేసి రిఫండ్ ఇప్పించే మనిషితో పనే లేదు. ఇంకోటి, డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చెయ్యక్కర్లేదు. అవి అడిగాడంటే డబ్బు పోతోందనే అర్థం.

రైలు గురించి డౌటుంటే 139కి చెయ్యండి. డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకండి, వెంటనే 1930కి చెయ్యండి. ఆ డబ్బు వేరే ఖాతాలకి మారిపోకముందే చెప్తే ఆపే అవకాశం ఉంటుంది. తర్వాత బ్యాంకుకీ చెప్పండి.

ఇంట్లో అందరికీ టికెట్లు బుక్ చేసేది మనమే. కానీ ఆ ఫోన్ ఎత్తేది అమ్మో, నాన్నో కావచ్చు. ఈ వీడియో ముందు వాళ్లకి చూపించండి. ఉంటాను మరి.