మాస్టర్ కావాలా? ముందు ఫోన్ పక్కన పెట్టి నిద్రపోండి!

రాత్రి పన్నెండున్నర. మోమిన్‌పేటలో మీ వీధంతా నిద్రపోయింది. భోజనం కాగానే ‘ఒక్క ఆట’ అనుకుంటూ ఫోన్‌లో మొదలుపెట్టిన మూడు నిమిషాల చెస్ ఇప్పటికి ఇరవై దాటింది. గత మూడు ఆటలూ ఓడిపోయారు. పోయిన పాయింట్లు తిరిగి రాబట్టుకుంటే తప్ప పడుకోబుద్ధి కావడం లేదు. పొద్దున్నే లేచి వికారాబాద్ వెళ్లి రైలు పట్టుకోవాలి. పక్క గదిలోంచి ‘ఇంకా పడుకోలేదా?’ అన్న ప్రశ్న రెండోసారి వినిపించింది.

ఇదంతా ఎందుకో మీకు తెలుసు. ఎప్పటికైనా మీ పేరు ముందు ‘మాస్టర్’ అన్న మాట చేరాలి. బడిలో ఉండగా పుట్టిన కోరిక అది. ఉద్యోగం, పెళ్లి, పిల్లల మధ్య మరుగున పడి, ఇప్పుడు నలభై ఏళ్ల వయసులో మళ్లీ తలెత్తింది. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ దాని కోసం మీరు పట్టిన దారి మిమ్మల్ని అటువైపు తీసుకెళ్లదు. పైగా ఆరోగ్యానికి చేటు తెస్తుంది.

మాస్టర్ అంటే ఎవరు?

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) ఇచ్చే టైటిళ్లలో మొదటి మెట్టు క్యాండిడేట్ మాస్టర్. దానికి 2200 రేటింగ్ అందుకోవాలి. ఫిడే మాస్టర్‌కు 2300 కావాలి. ఇంటర్నేషనల్ మాస్టర్‌కు 2400, గ్రాండ్‌మాస్టర్‌కు 2500 రేటింగ్‌తో పాటు, బలమైన టోర్నమెంట్లలో నిర్ణీత స్థాయి ప్రతిభ చూపి ‘నార్మ్’లు కూడా సంపాదించాలి. మహిళలకు విడిగా ఉన్న టైటిళ్లు 2000 రేటింగ్ దగ్గర మొదలవుతాయి.

ఇవన్నీ బోర్డు ముందు కూర్చుని, గంటల తరబడి ఆడే ఆటల్లో వచ్చే రేటింగులు. ఫోన్‌లో మీకు కనిపించే 2000, 2200 అంకెలు వీటి లెక్కలోకి రావు.

మీ ఫిడే రేటింగ్ 1600 అనుకుందాం. సమాన బలమున్న ఆటగాడిపై గెలిస్తే పెద్దవాళ్లకు సాధారణంగా 10 పాయింట్లు వస్తాయి. ఓడితే 10 పోతాయి. అంటే ఒక గెలుపు, ఒక ఓటమి అయితే మీరు ఉన్నచోటే ఉంటారు. 2200కు చేరాలంటే 600 పాయింట్లు కావాలి. ఎదురయ్యేవాళ్లు అంతకంతకూ బలవంతులవుతుంటే, మీరు ప్రతి మెట్టులోనూ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ చూడాలి. రాత్రికి రాత్రి అయ్యే పని కాదు కాబట్టే, రాత్రంతా మేలుకుని చేయాల్సిన పని కూడా కాదు.

మనవాళ్లను చూసి...

చెస్ అనగానే మన ఇళ్లలో వినిపించే పేర్లు పెద్దవి. గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ 2001లో, కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. అప్పటికి ఇద్దరికీ పదిహేనేళ్లే. వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేశి పదిహేనేళ్లు నిండకముందే 2018లో ఆ టైటిల్ సాధించి, 2024లో 2800 రేటింగ్ దాటాడు. ఇలాంటివి చదివినప్పుడు, మనకు సమయం మించిపోయిందన్న బెంగ కలగడం సహజమే.

వాళ్లతో పోల్చుకోకండి. బడి వయసులో రోజుకు ఆరేడు గంటలు ఆటకే ఇచ్చిన పిల్లల జీవితం వేరు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఒక గంట మిగుల్చుకునే మీ జీవితం వేరు. వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది మరొకటి ఉంది. హంపి 2017లో తల్లయ్యారు. దాదాపు రెండేళ్లు ఆటకు దూరంగా ఉన్నారు. తిరిగొచ్చాక 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయ్యారు. 2024లో న్యూయార్క్‌లో మళ్లీ అదే కిరీటం గెలిచారు. ద్రోణవల్లి హారిక నిండు గర్భిణిగా 2022 చెన్నై ఒలింపియాడ్‌లో ఆడి, కాంస్యం గెలిచిన భారత జట్టులో నిలిచారు. విరామం తీసుకున్నంత మాత్రాన ఆట చేజారిపోదు.

ఎన్ని గంటలు పడుతుంది?

అర్జెంటీనాలో 104 మంది ఆటగాళ్లను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మాస్టర్ స్థాయికి చేరడానికి సగటున దాదాపు 11,000 గంటల సాధన పట్టినట్టు తేలింది. ఒకరు సుమారు 3,000 గంటల్లోనే చేరగా, మరొకరికి 23,000 గంటలకు పైగా పట్టింది. చాలా గంటలు వెచ్చించినా ఆ స్థాయికి చేరనివాళ్లూ ఉన్నారు.

దీన్ని మీ వారానికి అన్వయించుకోండి. వారానికి 9 గంటలంటే ఏడాదికి సుమారు 470 గంటలు. సగటు లెక్కన ఇరవై మూడేళ్లు పడుతుంది. అందరికంటే వేగంగా ఎదిగిన ఆటగాడి లెక్కన చూసినా ఆరేళ్లు దాటుతుంది. చిన్నప్పుడు ఆడిన గంటలు కొన్ని మీ ఖాతాలో ఇప్పటికే ఉండొచ్చు. అయినా ఇది ఏళ్ల తరబడి సాగే ప్రయాణం. అన్నేళ్లు ఆడాలంటే అన్నేళ్లు ఆరోగ్యంగా ఉండాలి. కుటుంబమూ మీ వెంట ఉండాలి.

నిద్రలోనే సగం సాధన

మాస్టర్ల బుర్రలో ఏముంటుంది? 1973లో అమెరికా పరిశోధకులు చేజ్, సైమన్ దీన్ని పరీక్షించారు. నిజమైన ఆటలోని స్థితిని కొన్ని సెకన్లపాటు చూపిస్తే, మాస్టర్లు కొత్తవాళ్ల కంటే చాలా ఎక్కువ పావులను సరిగ్గా తిరిగి అమర్చారు. పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపించినప్పుడు మాత్రం కొత్తవాళ్ల కంటే పెద్దగా మెరుగనిపించుకోలేదు. అంటే వాళ్లది అసాధారణ జ్ఞాపకశక్తి కాదు. ఎన్నో ఆటలు చూసి, ఆలోచించి మనసులో నాటుకున్న అమరికలు అవి.

నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది ఎక్కువగా నిద్రలోనే. మీరు సాయంత్రం గంటసేపు చదివిన ముగింపు ఆట మెలకువలు రాత్రి ఏడు గంటల నిద్రతో పదిలమవుతాయి. ఆ నిద్రను కోసేసి ఇరవై బ్లిట్జ్ ఆటలు ఆడితే, చదివిందీ నిలవదు, ఆడిందీ గుర్తుండదు. మూడు నిమిషాల ఆటలో మీరు చేసేది పాత అలవాట్లను మళ్లీ మళ్లీ వాడటమే. తప్పు ఎక్కడ జరిగిందో ఆగి చూడనప్పుడు ఆ తప్పే అలవాటుగా మారుతుంది.

దీనికి తోడు గెలుపోటముల ఉద్వేగం గుండె వేగాన్ని పెంచుతుంది. కళ్లకెదురుగా వెలిగే తెర నిద్రను వెనక్కి నెడుతుంది. మర్నాడు చిరాకు, మరుపు, పనిలో పొరపాట్లు. నెలల తరబడి నిద్ర తగ్గితే రక్తపోటు, బరువు, షుగర్ ముప్పు పెరుగుతాయి.

ఒక నియమం పెట్టుకోండి: వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు ఆట బంద్. పడుకోవడానికి గంట ముందు ఫోన్ మరో గదిలో పెట్టేయండి.

టోర్నమెంట్‌లో ఒంటి సంగతి

హైదరాబాద్‌లో రేటింగ్ టోర్నమెంట్‌కు వెళ్తే సాధారణంగా తొమ్మిది రౌండ్లు ఉంటాయి. ఒక్కో ఆట నాలుగు గంటల దాకా సాగొచ్చు. రోజుకు రెండు రౌండ్లయితే ఎనిమిది గంటలు కుర్చీలోనే. గెలవాల్సిన ఆటను చివరి గంటలో చేజార్చుకున్నామని బాధపడేవాళ్లు, ఆ రోజు ఏం తిన్నారో, ముందు రాత్రి ఎంత పడుకున్నారో కూడా గుర్తుచేసుకోవాలి.

చెస్ ఆడితే రోజుకు ఆరు వేల క్యాలరీలు ఖర్చవుతాయన్న ప్రచారాన్ని నమ్మి తిండి పెంచకండి. కొలిచి చూసిన పరిశోధనల్లో, ఆడేటప్పుడు అయ్యే ఖర్చు ఊరికే కూర్చున్నప్పటి కంటే కొద్దిగానే ఎక్కువని తేలింది. అలసట నిజమే కానీ, కొవ్వు కరగదు.

• ఆటకు రెండు గంటల ముందు మితంగా తినండి. జొన్నరొట్టె, పప్పు, కూర చాలు. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ పప్పు ఇంట్లో ఉండగా, రెండు రౌండ్ల మధ్య బిర్యానీ తిని బోర్డు ముందు కునికిపాట్లు పడటం ఎందుకు?

• విరామంలో అరటిపండు, గుప్పెడు పల్లీలు, మజ్జిగ తీసుకోండి. నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి.

• టీ, కాఫీ రోజూ తాగేంతే తాగండి. ‘ఏకాగ్రత మాత్రలు’ అసలే వద్దు. 2017లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఉత్ప్రేరక మందులు తీసుకున్న ఆటగాళ్లు ఒక్కో ఎత్తుకు ఎక్కువసేపు ఆలోచించి, సమయం చాలక ఆటలు పోగొట్టుకున్నారు.

• ఎదుటివాళ్లు ఆలోచిస్తున్నప్పుడు లేచి హాల్లోనే నాలుగడుగులు వేయండి. నడుము, మెడ, కళ్లకు విశ్రాంతి దొరుకుతుంది.

• టోర్నమెంట్ లేని రోజుల్లో వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవండి. ఆదివారం ఇంటిల్లిపాదీ అనంతగిరి కొండలకు వెళ్లి చెట్ల మధ్య తిరిగొస్తే, అది కూడా చెస్ సాధన కిందే లెక్క.

బీపీ, షుగర్ ఉంటే...

నలభై దాటినవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకు భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, మెదడు మొద్దుబారడం దాని లక్షణాలు. ఉత్కంఠగా సాగే ఆటలో కూడా సరిగ్గా ఇవే కనిపిస్తాయి. ‘టెన్షన్’ అనుకుని కూర్చుంటే ప్రమాదం. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించుకోండి. జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి.

ఆట హాల్లో ఫోన్లు, ఎలక్ట్రానిక్ పరికరాలపై ఆంక్షలు కఠినంగా ఉంటాయి. షుగర్ కొలిచే పరికరం ఒంటికి పెట్టుకునేవాళ్లు డాక్టర్ చీటీతో ఆర్బిటర్‌ను ముందే కలవాలి. ఆట మొదలయ్యాక చెబితే ఇబ్బందే.

బీపీ మాత్రను టోర్నమెంట్ హడావిడిలో మానకండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, ఆయాసం ఉంటే గడియారం వైపు చూడకండి. పోయేది ఒక ఆటే. ఆర్బిటర్‌కు చెప్పి వెంటనే 108కు ఫోన్ చేయించండి.

ఇంట్లోవాళ్లతో ఒప్పందం

మీరు ఆడే ప్రతి గంటా ఇంట్లో మరొకరు సర్దుకున్న గంటే. అది దొంగతనంగా తీసుకున్నప్పుడు గొడవ, అడిగి తీసుకున్నప్పుడు మద్దతు. వారపట్టిక రాసి గోడకు అంటించండి.

• సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒక గంట. అరగంట పజిళ్లు, అరగంట మీరు ఓడిన ఆటల పరిశీలన. కంప్యూటర్‌ను అడిగే ముందు, తప్పెక్కడ జరిగిందో మీరే నోటుబుక్కులో రాయండి.

• శనివారం చెస్ ఊసే వద్దు.

• ఆదివారం నాలుగు గంటలు. ఒక నిదానమైన ఆట, దానిపై చర్చ. దగ్గర్లో జోడీ దొరక్కపోతే ఆన్‌లైన్‌లోనైనా గంటకు పైగా సాగే ఆటే ఆడండి.

• ఏడాదికి రెండో మూడో టోర్నమెంట్లు. ఏవి ఆడాలో సెలవులు, పిల్లల పరీక్షలు చూసుకుని ముందే నిర్ణయించుకోండి.

ఆట లేని రోజు విపరీతమైన చిరాకు, ఓటమి తర్వాత రోజుల తరబడి దిగులు, ఎంత ఆడారన్నది ఇంట్లో దాచాల్సి రావడం, వారాలుగా నిద్ర పట్టకపోవడం... ఇవి కనిపిస్తే మానసిక వైద్యుల్ని కలవండి. అందులో నామోషీ లేదు. 2024లో ప్రపంచ చాంపియన్‌షిప్‌కు సిద్ధమైనప్పుడు గుకేశ్ మానసిక శిక్షకుడు ప్యాడీ అప్టన్ సాయం తీసుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే చాంపియన్ అయిన కుర్రాడికి అవసరమైంది మనకు అవసరం కాదా?

టైటిల్ రాకపోతే?

రాకపోవచ్చు. ఈ మాట ముందే ఒప్పుకుంటే ఆట తేలికవుతుంది. 1600లో ఉన్నవాళ్లు మొదట 1700 మీద గురి పెట్టుకోవాలి. అది అందాక 1800. ప్రతి మెట్టూ నిజమైన గెలుపే. 75 ఏళ్లు దాటిన 469 మందిని పరిశీలించి 2003లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, చదవడం, బోర్డు ఆటలు ఆడటం వంటి అలవాట్లున్నవాళ్లలో మతిమరుపు వ్యాధి ముప్పు తక్కువగా కనిపించింది. ఆటే దాన్ని ఆపిందని చెప్పలేం. అయినా డెబ్బై అయిదేళ్ల వయసులో మనవరాలి ఎదురుగా బోర్డు పరచుకుని కూర్చోగలగడం తక్కువ భాగ్యం కాదు.

ఈ రాత్రికి మాత్రం ఫోన్ పక్కన పెట్టండి. ఓడిన ఆ మూడు ఆటలూ రేపు సాయంత్రం దాకా అక్కడే ఉంటాయి. ఏడు గంటలు పడుకుని, తేటపడిన కళ్లతో వాటిని తెరవండి. రాత్రి కనిపించని తప్పు రేపు మొదటి చూపులోనే కనిపించవచ్చు.