వాడితే అరిగిపోయే చెయ్యా?

బస్తర్ అడవుల్లోని కిష్టారం ప్రాంతంలో వేసవి వచ్చిందంటే తునికాకు కోత మొదలవుతుంది. ఏభై ఆకులు పేర్చి, బొటనవేలితో అదిమిపట్టి, నారతో బిగించి కట్ట కట్టాలి. వేళ్ళకు ఈ నేర్పునిచ్చేవి అరచేతిలోని చిన్న కండరాలు. వాటికి మెదడు ఆజ్ఞలను మోసుకువచ్చే నరాలే వంశపారంపర్యంగా బలహీనమైతే?

అటువంటి వ్యాధిని 1886లో పారిస్‌లో షార్కో, మారీ అనే వైద్యులు, ఇంగ్లండులో టూత్ వేర్వేరుగా వర్ణించారు. అందుకే దానికి షార్కో-మారీ-టూత్ వ్యాధి అని పేరు. సుమారు 2,500 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. అందులో తరచుగా కనిపించే రకానికి 17వ క్రోమోసోములో ఒక భాగం రెట్టింపు కావడమే కారణమని 1991లో తేలింది. తల్లిదండ్రులలో ఒకరికి ఆ రకం ఉంటే, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. పొడవైన నరాలు ముందుగా దెబ్బతింటాయి గనుక మొదట పాదాలు, తర్వాత చేతులు సన్నగిల్లుతాయి. చొక్కా గుండీ పెట్టుకోవడం, తాళంచెవి తిప్పడం సైతం కష్టమవుతుంది.

రోగిని పీడించే సందేహం ఒకటుంది: ఉన్న కాస్త బలమూ పనిచేస్తే ఖర్చయిపోతుందా? మిగిలిన కొద్ది నరపోగులే కండరమంతటినీ నడపవలసి వస్తుంది; అతిశ్రమతో అవీ నశిస్తాయేమోనని వైద్యులు కూడా అనుమానించారు. 2003లో ఇటలీ వైద్యులు ప్రచురించిన పరిశీలన ఈ భయానికి బలం చేకూర్చింది. చాలామంది రోగులలో, ఎక్కువగా వాడే చేతికన్నా రెండవ చేతి కండరాలే బలంగా కనిపించాయి.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు పరికరాలతో బలాన్ని కొలిచి చూడగా ఆ తేడా కనిపించలేదు. 2014లో ఇటలీ, బ్రిటన్‌లకు చెందిన 270 మందికి పైగా రోగుల వివరాలు వెలువడ్డాయి. వాడే చెయ్యి రెండవదానికన్నా బలహీనపడలేదు. రెండేళ్ళ కాలంలో అదనంగా క్షీణించనూ లేదు.

దీని అర్థం ఒళ్ళు దాచుకోకుండా విరగబడి పనిచేయమని కాదు. నొప్పి పుట్టినా, వేళ్ళు వణికినా విశ్రాంతి తీసుకోవాలి. లావుపాటి పిడి ఉన్న పనిముట్లు చేతికి శ్రమను తగ్గిస్తాయి. వైద్యుని సలహాపై మితమైన వ్యాయామం మేలు చేస్తుంది. ఈ వ్యాధిని పూర్తిగా నయంచేసే మందు నేటికీ లేదు. కాని, అరిగిపోతుందన్న భయంతో చేతిని ఒళ్ళో పెట్టుకు కూర్చోనక్కరలేదు. కట్ట కట్టే చెయ్యి, కలం పట్టే చెయ్యి, పసిబిడ్డకు గోరుముద్ద తినిపించే చెయ్యి తన పని తాను చేసుకోవచ్చు.