నికెల్ అలర్జీ

గిల్టు నగలు, వాచీల వల్ల వచ్చే దద్దుర్ల గురించిన వార్తల్లో ఈ మాట తరచుగా కనిపిస్తోంది. నికెల్ లోహం తగిలిన చోట చర్మం ఎర్రబడి, దురదపెట్టి, నీటి పొక్కులు లేవడమే నికెల్ అలర్జీ.

చెమటకు నికెల్ కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజుల్లో దద్దు తేలుతుంది. ఈ ఆలస్యం వల్లే అసలు కారణం చాలామందికి తట్టదు. సబ్బునో, నిన్న తిన్న వంకాయ కూరనో అనుమానిస్తారు. దద్దు ఎక్కడ లేచిందో చూస్తే కొంత తెలిసిపోతుంది: చెవి తమ్మె, వాచీ బకిల్ కింద మణికట్టు, జీన్స్ బొత్తాం ఒరుసుకునే బొడ్డు కింది భాగం.

చెవులు కుట్టిన పచ్చి గాయానికి నికెల్ తగిలితే ముప్పు ఎక్కువ. అందుకే ఐరోపా సమాఖ్యలో ఇలా కుట్టి పెట్టే నగల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాముల లోపే నికెల్ విడుదల కావాలి.

వీపుపై 48 గంటలు పట్టీలు అంటించి చేసే ప్యాచ్ టెస్ట్‌తో ఈ అలర్జీని నిర్ధారిస్తారు. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పూతమందు దురదను తగ్గిస్తుందే తప్ప అలర్జీని పోగొట్టదు. పసిపిల్లల చెవులు కుట్టించేటప్పుడు నికెల్ లేని పోగులే అడగండి. తెల్ల బంగారంలోనూ నికెల్ ఉండవచ్చు.