‘శివ’ని ఈసారి వంటింటి గుమ్మంలోంచి చూద్దాం!

రౌడీల సినిమాలు మనకెందుకండీ, ఆ కొట్టుకోవడాలూ చంపుకోవడాలూ మగపిల్లలు చూసుకుంటారులే... అని పక్కకి తప్పుకునే ఇల్లాళ్ళు మనలో చాలామందే వున్నారు. టీవీలో అలాంటి సినిమా మొదలైందంటే చాలు, చారుకి పోపు వేసే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోతాం. కానీ ఒక్క సినిమా మాత్రం అలా వదిలేయకండి. ‘శివ’ని మళ్ళీ ఒకసారి కూర్చుని చూడండి. అది సైకిల్ చైన్ కథ అనుకుంటాం గానీ, నిజానికి అది ఒక ఇంటి కథ.

‘శివ’ విడుదలైంది 1989 అక్టోబర్ 5న. దసరా రోజులవి. విజయనగరంలో వాళ్ళు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాల్ని పిలుచుకునే రోజులు. రామ్‌గోపాల్‌వర్మకి దర్శకుడిగా అదే మొదటి సినిమా. అంతకుముందు ఆయన హైదరాబాదులో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన మనిషి. నాగార్జున, అమల, రఘువరన్ ముఖ్య పాత్రలు. సంగీతం ఇళయరాజా, ఫొటోగ్రఫీ ఎస్.గోపాలరెడ్డి, మాటలు తనికెళ్ళ భరణి. మరుసటి ఏడాదే హిందీలోనూ వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత, 2025 నవంబర్ 14న, బొమ్మకీ ధ్వనికీ కొత్త మెరుగులు దిద్ది మళ్ళీ థియేటర్లలో విడుదల చేశారు. అప్పట్లో రిబ్బన్లు కట్టుకుని కాలేజీకి వెళ్ళిన అమ్మాయిలకి ఇప్పుడు కాలేజీ చదువులు ముగించిన పిల్లలున్నారు. సినిమా అదే, చూసే కళ్ళు మారాయి!

అరవని విలన్

అంతకుముందు మన సినిమాల్లో విలన్ వచ్చాడంటే చెవులు మూసుకోవాల్సిందే. పెద్ద నవ్వూ, పెద్ద మీసమూ, మందీ మార్బలమూ. ‘శివ’లో భవానీ పాత్ర వేసిన రఘువరన్‌ని చూడండి. గొంతు పెంచడు. మామూలు బట్టలు కట్టుకుని, మామూలుగా కూర్చుని, తక్కువ మాటలు మాట్లాడతాడు. ఆ నిదానమే ఒళ్ళు జలదరించేలా చేస్తుంది. 2008లో రఘువరన్ చనిపోయారు గానీ, తెలుగువాళ్ళకి ఇప్పటికీ భవానీ అంటే ఆయనే.

మన జిల్లాల వాళ్ళకి ఈ సంగతి కొత్తదేం కాదు. గురజాడవారి ‘కన్యాశుల్కం’ మొదలయ్యేది విజయనగరం బొంకులదిబ్బ దగ్గరే కదా! అందులో ఎవరి చేతిలోనూ కత్తి వుండదు. అయినా కోర్టు కాగితాలతోనూ, కూటసాక్ష్యాలతోనూ బతికే రామప్పంతులు లాంటివాడు ఎంతమంది కొంపలు తీయగలడో చూపించారు. చెడ్డవాడు అరుచుకుంటూ రాడు, కుర్చీ వేసుకుని మన వీధి అరుగు మీదే కూర్చుంటాడు అని మనవాళ్ళు ఎప్పుడో చెప్పారన్నమాట.

భవానీకి బలం ఎక్కడినుంచి వచ్చింది? పైన ఒక రాజకీయ నాయకుడు, ఆ మాచిరాజు పాత్ర కోట శ్రీనివాసరావుది. కింద కాలేజీ కుర్రాళ్ళు. విద్యార్థి నాయకుడుగా చలామణీ అయ్యే జేడీ వాడి మనిషే. ఆ పాత్రతో పరిచయమైన చక్రవర్తికి ‘జేడీ’ అన్నది ఇంటిపేరులా నిలిచిపోయింది. మొదటిసారి చూసినప్పుడు మనం జేడీని తిట్టుకున్నాం. ఇప్పుడు తల్లి మనసుతో చూడండి. వాడూ ఎవరో కన్నబిడ్డే కదా! భవానీ లాంటివాళ్ళకి ఈ కుర్రాళ్ళు కూరలో కరివేపాకు. రుచికి కావాలి, తినేటప్పుడు తీసి పారేయాలి.

గొడవ గుమ్మం దాటింది

కాలేజీలో చదువుకోడానికి వచ్చిన శివ, అన్నావదినల ఇంట్లో వుంటాడు. అన్నగా మురళీమోహన్ వేశారు. చిన్నపాప వుంటుంది, శివ అన్న కూతురు. జేడీని కొట్టడానికి శివ సైకిల్ చైన్ లాగిన క్షణాన థియేటర్లో ఈలలు మోగిపోయాయి. ఆ చైన్ తెగినప్పుడే ఇంకొకటి కూడా తెగిందని అప్పుడు మనకి తోచలేదు. ఆ ఇంటి ప్రశాంతత తెగింది!

పాపని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని శివ సందుల్లో పడి తొక్కుతుంటే, వెనక కారులో భవానీ మనుషులు తరుముకొచ్చే ఘట్టం గుర్తుందా? అప్పట్లో ‘అబ్బ, ఎంత బాగా తీశారో’ అనుకున్నాం. నిజమే, పరుగెత్తే మనిషి వెంట కుదుపు లేకుండా పరుగెత్తే స్టెడీకామ్ కెమెరాని ఈ సినిమాలో వాడిన తీరుని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ పిల్లల్ని పెంచిన మనకి ఇప్పుడు కనబడేది కెమెరా కాదు, ఆ పసిదాని చిన్న కాళ్ళు.

కథ ముందుకెళ్ళేకొద్దీ ఒక్కొక్కరే రాలిపోతుంటారు. స్నేహితుడు మల్లి (శుభలేఖ సుధాకర్) పోతాడు. ఆఖరికి ఆ పాప. శివ భవానీని చంపుతాడు. సినిమా లెక్కలో హీరో గెలిచాడు. ఇంటి లెక్కలో? ఆ అన్నావదినల ఇంట్లో ఆ రాత్రి అన్నం ఎవరు వండుతారు? పాప కంచం ఎక్కడ దాస్తారు? ఈ ప్రశ్న సినిమా అడగదు. చూసే మనమే అడగాలి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ‘శివ’లో ఆడవాళ్ళకి మాటలు తక్కువ. అమల వేసిన ఆశ తెలివైన పిల్లే, పైగా పోలీసు అధికారి చెల్లెలు. అయినా పెళ్ళయ్యాక ఆమెకి మిగిలిన పని ఎదురుచూడడమే. వదిన పరిస్థితీ అంతే. మగవాళ్ళ పంతం ఖర్చు ఆడవాళ్ళ ఖాతాలో పడిపోతుంది.

తలుపు ఎవరి మీద మూసుకుంది?

ఈ రకం సినిమాలకి పెద్దదిక్కుగా చెప్పుకునే అమెరికా సినిమా ‘గాడ్‌ఫాదర్’ (1972). అది మొదలయ్యేది కూతురి పెళ్ళి సందడిలో. ముగిసేటప్పుడు భార్య అడుగుతుంది, నువ్వు ఈ పని చేశావా అని. మొగుడు అబద్ధం చెబుతాడు. ఆవిడ చూస్తుండగానే గది తలుపు మూసుకుంటుంది. అంతే! ఎన్ని తుపాకులు పేలినా ఆ తలుపు చప్పుడంత గట్టిగా ఏదీ వినబడదు.

మణిరత్నం 1987లో తీసిన తమిళ ‘నాయగన్’ తెలుగులో ‘నాయకుడు’గా వచ్చింది. అందులో కమలహాసన్ వేసిన వేలునాయకర్ నలుగురికి మంచి చేసే దాదా. కానీ పగవాళ్ళు అతని ఇంటిమీద పడితే బలైపోయింది భార్య. పెద్దదైన కూతురు తండ్రిని నిలదీసి, ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఊరంతా దండం పెట్టే మనిషిని నిలబెట్టి అడగగలిగింది ఆ ఒక్క ఆడపిల్లే.

మన పలాస మాట

ఇదంతా బెజవాడ, బొంబాయి గొడవలే, మన ప్రాంతంలో ఇలాటివేటి వుంటాయి అనుకుంటున్నారా? 2020 మార్చిలో కరుణకుమార్ దర్శకత్వంలో ‘పలాస 1978’ వచ్చింది. రక్షిత్, నక్షత్ర, రఘు కుంచె నటించారు. జీడిపప్పుకి పేరుపడ్డ మన పలాసలో, జానపద కళాకారుల ఇంట్లో పుట్టిన ఇద్దరు దళిత అన్నదమ్ముల కథ. అవమానాలకి ఎదురుతిరిగిన వాళ్ళ బలాన్ని డబ్బున్న షావుకార్లు తమ గొడవలకి ఎలా వాడుకున్నారో చెబుతుంది. ఏళ్ళ తరబడి మన యాసని సినిమాల్లో నవ్వించడానికే వాడారు. ఇందులో ఆ యాసతోనే కోపమూ, ఏడుపూ పలికాయి. ‘శివ’లో భవానీకి కుర్రాళ్ళు ఎందుకు కావాలో, ఇక్కడ షావుకారుకీ అందుకే కావాలి. తేడా ఒక్కటే, శివకి పక్కకి తప్పుకుని చదువుకునే దారి వుండింది. ఈ అన్నదమ్ములకి ఆ దారి కూడా సరిగా లేదు.

మళ్ళీ చూసేటప్పుడు...

కాలేజీలో చదివే అబ్బాయీ అమ్మాయీ వుంటే వాళ్ళతో కలిసి చూడండి. మరీ చిన్నపిల్లల్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకండి, పాప చనిపోయే ఘట్టం వాళ్ళ మనసులో వుండిపోతుంది. మధ్యలో పాఠాలు చెప్పకండి, వాళ్ళు లేచి వెళ్ళిపోతారు! అయిపోయాక, పళ్ళాల్లో అన్నం వడ్డిస్తూ, ఒక్కమాట అడగండి: ‘ఆ గేటు దగ్గర ఒక కుర్రాణ్ణి కొడుతుంటే అంతమంది చూస్తూ వూరుకున్నారేరా?’ అని. తర్వాత ఇంకోమాట: ‘నీ క్లాసులో జేడీ లాంటివాడు వున్నాడా? వాడి వెనక ఎవరున్నారు?’

‘మా గుంటడు అలాటోడు కాదమ్మా’ అని మనం అందరం అంటాం. జేడీ తల్లి కూడా అనే వుంటుంది. కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో, జేబులో కొత్తగా డబ్బు ఎలా వచ్చిందో, రాత్రి ఎందుకు ఆలస్యమైందో అడగడం అనుమానం కాదు. అది అన్నం పెట్టే చేతికున్న హక్కు. గాడ్‌ఫాదర్ ఇంట్లో తలుపు భార్య మీద మూసుకుంది. మన ఇంట్లో మాత్రం తల్లి అడిగే ప్రశ్నకి తలుపు తెరిచే వుండాలి. ఏమంటారు?