పేపరు ముందా, పేటెంటు ముందా: మీకు తెలుసా?

మాఘమాసం దాటిందంటే మా నిజామాబాద్ జిల్లా ముప్కాల్‌లో ఏ కళ్లం దగ్గరికి పోయినా పసుపు ఉడికిన వాసనే. ఆరబోసిన కుప్ప దగ్గరికి బేరగాడు వస్తాడు. ఒక కొమ్ము తీసి పుటుక్కున విరుస్తాడు, లోపలి రంగును ఎండకు పెట్టి చూస్తాడు, ధర చెప్తాడు. పసుపుకు ఆ రంగునిచ్చే కుర్కుమిన్ ఎంతుందన్నది ఆయన కంటికే తెలియాలి. అట్లాంటి పసుపు మీద ఒకప్పుడు అమెరికాలోని ఒక యూనివర్సిటీకి పేటెంటు ఉండేదని మీకు తెలుసా?

దెబ్బ తగిలితే పసుపు పెడతాం. అదే సంగతిని 1995 మార్చిలో అమెరికా పేటెంటు ఆఫీసు కొత్త ఆవిష్కరణగా ఒప్పుకుంది. హక్కు దక్కింది మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు. ఆవిష్కర్తలుగా పేర్లున్న ఇద్దరూ భారత సంతతివాళ్లే. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) దాని మీద పోట్లాటకు దిగి, ఇది మాకెప్పటి నుంచో తెలుసనడానికి 32 ఆధారాలు ముందు పెట్టింది. వాటిలో సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలున్నాయి, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయిన ఒక వ్యాసమూ ఉంది. 1997లో పేటెంటు రద్దయింది. ఈ కథ చెప్పుకునేటప్పుడు ఛాతీ ఉప్పొంగుతుంది కానీ, దాన్ని కొట్టేసిన సూత్రాన్ని ఎవరూ పట్టించుకోరు. ముందే అచ్చయినది ఏదీ కొత్తది కాదు, అంతే. అచ్చేసింది ఎవరన్నది చట్టానికి పట్టదు.

ఆ సూత్రమే మా మేనల్లుడి నెత్తిన పడింది. వాడు ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. పసుపు కొమ్మును పిండి చేయకుండా, మందులు కలపకుండా, వెలుతురు పంపి కుర్కుమిన్ అంచనా కట్టే పెట్టె ఒకటి తయారుచేశాడు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. సంబరం ఆపుకోలేక బొమ్మలతో సహా జర్నల్లో పేపరు వేశాడు, పైగా వీడియో తీసి నెట్‌లో పెట్టాడు. ఆ తర్వాత పేటెంటు సంగతి అడగబోయాడు. "గదేంది మామా, నా పేపరే నాకు అడ్డమొచ్చిందట" అని ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. వాళ్ల డిపార్టుమెంటులో ముందుగా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. పేపర్ల లెక్క మాత్రం నెలనెలా అడిగారు.

మన చట్టంలో మినహాయింపులు లేకపోలేదు. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ఎగ్జిబిషన్‌లో పెట్టినా, విద్వత్సభలో సొంతంగా పేపరు చదివినా 12 నెలల గడువు దొరుకుతుంది. యూట్యూబు విద్వత్సభ కాదు.

మరి ముందే దరఖాస్తు పెట్టడానికి ఎంతవుతుందో తెలుసా? ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు. ప్రొవిజనల్ దరఖాస్తు అంటారు. ఆలోచన పూర్తిగా తేలకపోయినా, ఉన్నంతలో రాసి ఇస్తే ఆ తేదీ మనదవుతుంది. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల టైముంటుంది, పేపరు మాత్రం దరఖాస్తు పెట్టాక నిశ్చింతగా వేసుకోవచ్చు. కాలేజీలు, యూనివర్సిటీలు పెద్ద కంపెనీలతో సమానంగా 8,000 కట్టాల్సి వచ్చేది. 2021లో నిబంధనలు మార్చి వాటికీ 1,600 చేశారు. పరీక్ష ఫీజు, ఏజెంటు ఖర్చు వేరే ఉంటాయనుకోండి, మొదటి మెట్టుకు మాత్రం ఇంతే.

జీతం తీసుకునే ప్రొఫెసరు కంపెనీ పెట్టొచ్చా? పెట్టొచ్చు. 2019లో కేంద్ర మానవ వనరుల శాఖ తెచ్చిన ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం ఆ దారి చూపింది. ఆఫీసు టైములో 20 శాతానికి మించి కంపెనీకి పెట్టనంత వరకు ఎన్ని వాటాలైనా ఉంచుకోవచ్చని అందులో ఉంది. యూనివర్సిటీ తన జాగా, పరికరాలు, మనుషుల సాయం ఇచ్చినందుకు 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చు. ఈ కాగితం చదివిన అధ్యాపకులు నాకు చాలా తక్కువమంది తగిలారు.

యూనివర్సిటీకి వాటా ఎందుకంటారా? సెర్చ్ పద్ధతిని వాడుకోనిచ్చినందుకు గూగుల్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి షేర్లిచ్చింది. వాటిని 2005లో అమ్మితే వచ్చింది 33.6 కోట్ల డాలర్లు.

ఇంక్యుబేటర్ అంటే మా దిక్కు కోడిపిల్లల పెట్టె గుర్తొస్తుంది, నాటుకోళ్లకు పేరున్న అంకాపూర్ పక్కనే కదా! పరిశోధకుల ఇంక్యుబేటర్ చేసేదీ దాదాపు అదే, పిల్ల బయటికొచ్చి గింజ ఏరుకునేదాకా వెచ్చగా ఉంచడం. ఇక్రిశాట్ పటాన్‌చెరులో 2003లోనే వ్యవసాయ ఇంక్యుబేటర్ పెట్టింది. రాజేంద్రనగర్‌లో జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ (నార్మ్) వాళ్ల ఎ-ఐడియా, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 2021లో మొదలైన అగ్‌హబ్ ఉన్నాయి. టీ-హబ్ కూడా 2015లో పుట్టింది ఒక విద్యాసంస్థ ఆవరణలోనే, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో.

డబ్బుల మాటకొస్తే, నమూనా తయారీకి కేంద్రం ప్రయాస్ పథకం కింద 10 లక్షల దాకా ఇస్తుంది. జీవసాంకేతిక రంగంలో కేంద్ర సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు 18 నెలలకు 50 లక్షల దాకా ఉంటుంది. కంపెనీ ఇంకా పెట్టనివాళ్లు కూడా అడగొచ్చు. ఈ డబ్బు అప్పు కాదు, తిరిగి కట్టే పని లేదు. కానీ ఖర్చుకు లెక్క చెప్పాలి, ఆ లెక్క రాయడానికి పరిశోధన కన్నా ఎక్కువ ఓపిక కావాలి.

ఇవేవీ లేని రోజుల్లో ఏం చేశారు? వరప్రసాద్ రెడ్డినే తీసుకోండి, ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. హెపటైటిస్-బి టీకా తయారుచేద్దామని 1993లో తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు సొంత ల్యాబు లేదు. మొదట ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలో చోటు తీసుకుని పని నడిపించారు. 1997లో షాన్‌వాక్-బి బయటికొచ్చింది. అప్పటిదాకా విదేశీ టీకా ఒక్కో డోసు వందల రూపాయలుండేది. దీంతో ధర నేలకు దిగింది. ఒక యూనివర్సిటీ తన గది తలుపు తీస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఇంకా వెనక్కి పోతే బోధన్ వస్తుంది. నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. దానికి పెట్టుబడి పెట్టినవాటిలో 1929లో హైదరాబాద్ సంస్థానం ఏర్పాటు చేసిన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఒకటి. ఇవాళ సీడ్ ఫండ్ అంటూ కొత్తగా మాట్లాడుతున్నాం. ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ పొగగొట్టానికి ఆ ముచ్చట ఎప్పుడో తెలుసు. 2015 డిసెంబర్‌లో ఆ పొగా ఆగిపోయింది, అది వేరే కథ.

మా జిల్లాలో ఏమున్నాయో మాకే సరిగా తెలియదు. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం, రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రంతో పాటు ఫుడ్ టెక్నాలజీ కాలేజీ, డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ యూనివర్సిటీ. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి నుంచి 178 మంది రైతులు నామినేషన్ వేసి పోటీకి దిగిన సంగతి దేశమంతా చూసింది. వాళ్లు అడిగిన జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌కు వచ్చింది. ల్యాబు ఉంది, పంట ఉంది, బోర్డు ఉంది. ఈ మూడింటి మధ్య తిరిగే మనిషే దొరకడు. మా పిల్లలేమో 44వ నంబరు రోడ్డెక్కి, డిచ్‌పల్లి బోర్డు కిటికీలోంచి చూస్తూ హైదరాబాద్ పోతారు.

మొన్న పసుపు పాలిష్ డ్రమ్ము తిరుగుతుండగా మేనల్లుడు వచ్చాడు. పాత పెట్టెలో ఒక భాగం పూర్తిగా మార్చాడట. తడి కొమ్మునూ కొలుస్తుందట. సంచిలో ఏదో బట్ట చుట్టి పెట్టుకున్నాడు. "ఏదీ, చూపియ్యిరా" అన్నాను. సంచి దగ్గరికి జరుపుకున్నాడు.

"పదహారు వందలు కట్టిన. దరఖాస్తు నంబరు రానీ మామా, అప్పటిదాంక నీగ్గూడ చూపియ్య."