పటంలోని పొలం, నేల మీది పొలం

చిన్న తరగతుల్లో మనమందరం భారతదేశ పటం గీసినవాళ్ళమే. ఆ పటంలో అక్షాంశాలు, రేఖాంశాలు ఉంటాయి కాబట్టి ఏ ఊరు ఎక్కడుందో చెప్పగలం. పొలాల కొలతలుండే పాత ఎఫ్.ఎం.బి. స్కెచ్‌లో మాత్రం అవి ఉండవు. గట్లు, కొలతలు, రాళ్ళ గుర్తులే ఉంటాయి. అలాంటి పటాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో దాని అసలు చోట కూర్చోబెట్టడాన్ని జియో రెఫరెన్సింగ్ అంటారు. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తప్పక నేర్చుకోవలసిన పని ఇది.

స్కాన్ చేసిన పటం చుక్కల బొమ్మ. దీన్నే రాస్టర్ అంటారు. ఆటోక్యాడ్‌లో 'ఇమేజ్ అటాచ్' కమాండుతో దాన్ని తెచ్చినంత మాత్రాన అది ఏ ఊరిదో, ఎంత పెద్దదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. మనమే చెప్పాలి. పటంలోనూ, నేల మీదా స్పష్టంగా కనిపించే గుర్తులను ముందు ఎంచుకోవాలి. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే రాయి, సర్వే రాళ్ళు, పాత గుడి మూల, చెరువు తూము వంటివి పనికొస్తాయి. వంక ఒడ్డు, ముళ్ళ కంచె పనికిరావు. అవి ఏటికేడు జరుగుతుంటాయి.

ఆ గుర్తుల దగ్గర జి.పి.ఎస్. తో కొలతలు తీసుకోవాలి. సెల్‌ఫోన్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. హద్దుల పనికి సర్వే కోసం తయారైన డి.జి.పి.ఎస్. పరికరమే కావాలి. తర్వాత 'అలైన్' కమాండులో రెండు గుర్తులను వాటి అసలు చోట్లకు కలిపితే పటం జరుగుతుంది, తిరుగుతుంది, సైజు సరిపోతుంది. అయితే పాత కాగితం అన్ని వైపులా ఒకేలా సాగదు, ముడుచుకోదు. అందుకని రెండు గుర్తులు చాలవు. నాలుగు మూలలా, నడుమ కూడా గుర్తులు తీసుకుని, రాస్టర్ డిజైన్‌లోని 'రబ్బర్ షీట్' తో సరిచేయాలి. ఉచితంగా దొరికే క్యూ.జి.ఐ.ఎస్. లో కూడా ఈ పని చేసుకోవచ్చు.

పని పూర్తయ్యాక బొమ్మ పక్కన 'వరల్డ్ ఫైల్' అనే చిన్న ఫైలు తయారవుతుంది. అందులో ఆరే ఆరు వరుసలు. చుక్క వెడల్పు, ఎత్తు, బొమ్మ తిరిగిన తీరు, ఎడమవైపు పై మూల చుక్క ఉన్న చోటు అందులో ఉంటాయి. బొమ్మను ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఈ ఫైలును వదిలేస్తే పటం మళ్ళీ ఊరూ పేరూ లేనిదైపోతుంది. మామూలు ఆటోక్యాడ్ 'ఇమేజ్ అటాచ్' ఈ ఫైలును పట్టించుకోదు. ఆటోక్యాడ్ మ్యాప్ చదువుతుంది.

మన నల్లమాడ వాళ్ళు మరీ జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. మీటర్లలో లెక్కించే యు.టి.ఎం. పద్ధతిలో భూమిని 60 జోన్లుగా విభజించారు. 43వ జోను 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ముగుస్తుంది, అక్కడే 44వది మొదలవుతుంది. పుట్టపర్తి 43లో, కదిరి 44లో పడతాయి. నడుమనున్న నల్లమాడ ఆ గీత చుట్టుపక్కలే ఉంది. ఇక్కడ ఆ గీత మీది చోటుకు తూర్పు అంకె 43వ జోనులో దాదాపు 8,23,800 మీటర్లు, 44లో దాదాపు 1,76,200 మీటర్లు. 43వ జోను అంకెను 44 అని నమోదు చేస్తే మన చెరువు పోయి బంగాళాఖాతంలో పడుతుంది! తారుమారైతే అరేబియా సముద్రంలో తేలుతుంది.

అంత పెద్ద తప్పు ఎవరికైనా కనిపిస్తుంది. చిన్న తప్పులే ప్రమాదం. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ లెక్క ప్రకారం గీసినవి, జి.పి.ఎస్. చూపేది డబ్ల్యు.జి.ఎస్. 84 లెక్క. ఆ తేడా మరిచిపోతే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుతుంది. ఇంకా చిన్నది చూద్దాం. 1:5000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 5 మీటర్లు. 100 మీటర్ల గట్టు 5 మీటర్లు పక్కకు జరిగితే 500 చదరపు మీటర్లు, అంటే 12 సెంట్లకు పైగా నేల చేయి మారినట్టే. మనలో చాలామంది ఇళ్ళకున్నది ఎకరా, రెండెకరాల డి.కె.టి. పట్టా. వానకు ఎదురుచూసి చెనక్కాయ వేసుకునే ఆ కొద్ది నేలలో 12 సెంట్లు తక్కువేమీ కాదు.

అందుకని తెలిసిన గుర్తుల్లో ఒకటి రెండింటిని పటం కూర్చోబెట్టడానికి వాడకుండా పక్కన పెట్టుకోండి. పని అయ్యాక అవి సరైన చోట పడ్డాయో లేదో చూడండి. పడకపోతే పటం తప్పు, రాయి తప్పు కాదు. రెండు రాళ్ళ నడుమ దూరాన్ని స్కెచ్‌లోని కొలతతో పోల్చండి. పాత స్కెచ్‌లలో కొలతలు గొలుసులు, లింకుల్లో ఉంటాయి. ఒక గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో డ్రోన్లతో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్ ఫోటోకైనా ఇదే సూత్రం: నేల మీది గుర్తులకు కట్టివేస్తేనే దానికి విలువ. మీ ఊళ్ళో కొలతలకు వచ్చిన రోజున అమ్మానాన్నలతో పాటు గట్టు మీద నిలబడండి. ఏ రాళ్ళను ఆధారం చేసుకున్నారు, తేడా ఎంత వచ్చింది అని మర్యాదగా అడగండి. రేపు మీలో ఒకరు సర్వేయరైతే, అడిగిన రైతుకు విసుక్కోకుండా చూపించండి. కంప్యూటర్ గీత గీస్తుంది. హద్దును మాత్రం రాయి దగ్గరికి నడిచి వెళ్ళి చూసిన మనిషే చెప్పాలి.