కొండను నిలుపు విద్య

చీనాబు నదిపై కట్టిన రైలు వంతెన చిత్రమును మా సోదరీమణులలో చూడనివా రరుదుగా నుందురు. జమ్మూ కాశ్మీరములో రియాసీ జిల్లాయందున్న ఆ వంతెనకు 2025 జూను 6వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. పొడవు 1,315 మీటర్లు. నదీగర్భమునుండి ఎత్తు 359 మీటర్లు. అనగా ప్యారిసులోని ఐఫిలు గోపురముకంటె గూడ హెచ్చు. నడుమనున్న ఉక్కు కమాను ఒక్కటియే 467 మీటర్లు. చూచిన వారందరును ఆ కమానునే మెచ్చుకొందురు. మే మిచ్చట చెప్పదలచినది కమానును గూర్చి కాదు. అది కాలూనిన కొండను గూర్చి.

పాత ఇండ్ల గుమ్మములపై ఇటుకల కమానును మన మెరుగుదుము. తనపై బడిన బరువును అది తాను మోయదు. రెండు కొనలకును త్రోసివేయును. ఇరుప్రక్కల గోడలు కదలనంత కాలమే దాని వైభవము. ఒక గోడ బెత్తెడు జరిగిన చాలు, ఇటుకలు రాలిపడును. చీనాబువద్ద ఆ ప్రక్కగోడల స్థానమున నున్నవి రెండు కొండవాలులు. అవి మిక్కిలి నిటారైనవి. రాయియు ఏకశిల కాదు. బీటలు వారి పలకలు పలకలుగా విడిపోయిన డోలమైటు. పైగా భూకంపముల భయము మెండుగా గల సీమ.

చేటెడు బియ్యమును నేలపై కుప్పగా పోసి చూడుడు. కుప్ప కొంత వాలువరకు నిలుచును. అంతకు మించి పోసిన గింజలు జారి క్రిందికి వచ్చును. గింజకును గింజకును గల రాపిడియే దానిని నిలుపుచున్నది. బీటలువారిన కొండ కథయు నట్టిదే. ఏ పలక ఏ దిక్కునకు వాలియున్నది? పలకల నడుమ పట్టు ఎంత? వాననీరు లోనికి దిగినచో ఆ పట్టు ఎంత సడలును? దానిపై స్తంభము బరువు, గాలి త్రోపు, భూమి కుదుపు ఒక్కసారిగా వచ్చి చేరినచో నేమగును? ఈ ప్రశ్నలకు లెక్కలతో సమాధానము చెప్పు శాస్త్రమునే ఇంజనీరింగు మెకానిక్సు అందురు. అందులో నేలను, రాతిని గూర్చిన శాఖ యొకటి ప్రత్యేకముగా గలదు.

ఈ వంతెన విషయమున ఆ లెక్కలలో పదునేడు సంవత్సరములు పాలుపంచుకొన్నవారు ఆచార్య గాలి మాధవీలత గారు. వీరిది ప్రకాశము జిల్లా. కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో 1992లో పట్టము పొంది, వరంగల్లులో పై చదువు ముగించి, మద్రాసు ఐ.ఐ.టి.నుండి 2000లో డాక్టరేటు నందిరి. తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యపదవి వహించిరి. ఆమె డాక్టరేటు పరిశోధన తేనెపట్టు గదులవంటి అరలలో మట్టిని నింపి కట్టలను బలపరచు విధానమును గూర్చినది. మట్టిగోడలు పెట్టునపుడు మన పెద్దలు మట్టిలో గడ్డి కలిపి త్రొక్కించెడివారు గదా. మట్టికి లేని పట్టును మరియొక వస్తువుచేత తెప్పించు నుపాయ మిదియు నదియు నొక్కటియే.

చీనాబువద్ద వచ్చిన చిక్కు మరియొకటి. ముందుగా చేసిన పరీక్షలు చెప్పినది ఒకటి, త్రవ్విన పిదప కనబడిన రాయి మరియొకటి. పైకి గట్టిగా తోచిన చోట లోపల డొల్ల లుండెను. కొత్త బియ్యము వండు ఇల్లాలు నిన్నటి కొలతనే నమ్మి ఎసరు పెట్టదు. కుండలోనికి చూచుచు సవరించుకొనును. అచ్చటను అట్లే త్రవ్వుచు, చూచుచు, చూచినదానిని బట్టి లెక్క తిరుగ వేయుచు పని సాగించిరి. డొల్లలలోనికి సిమెంటుపాలు ఎక్కించిరి. వాలులోనికి లోతుగా రంధ్రములు తొలిచి, ఉక్కుకడ్డీలు దించి, విడివిడి పలకలను వెనుకనున్న గట్టి రాతితో బిగించిరి. పాతచీరల పొరలను దారముతో బంధించి బొంత కుట్టినట్లే యనవచ్చును. ఈ కుట్టుపని వంతెన చిత్రములలో కానరాదు.

ప్రారంభోత్సవ సమయమున పత్రికలు ఆమెను ఆకాశమునకెత్తినవి. వంతెన యంతయు ఆమె యొక్కరి చేతిమీదుగా లేచినట్లు వ్రాసినవారును గలరు. అందుకు ఆమె, తాము వేలాదిమందిలో ఒకరమనియు, తమ పని వాలులను నిలుపుట, వాటిపై పునాదుల రూపకల్పనయనియు బహిరంగముగా తెలిపిరి. తమ కుమార్తెలు ఆమెవంటివారు కావలెనని పలువురు తండ్రులు జాబులు వ్రాసిరనియు, సివిలు ఇంజనీరింగు చదువ దలచితిమని పిల్లలు వ్రాసిరనియు గూడ అందులోనే చెప్పిరి. ఆ పొగడ్తలన్నిటికంటె ఈ జాబులు మాకు ముఖ్యములుగా తోచుచున్నవి.

ఏలయన, అభ్యంతరము లింకను పోలేదు. రూపు మాత్రము మారినవి. పదునెనిమిదవ యేట భర్తను కోల్పోయి, చంటిబిడ్డ తల్లియై, గిండీ కళాశాలలో 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టము పొందిన అయ్యలసోమయాజుల లలిత గారి నాడు బాలికకు ఇంజనీరింగేమిటి యనెడివారు. నేడా మాట లేదు. కాని అమ్మాయి కంప్యూటరు శాఖను కాదని సివిలు శాఖ కోరినచో ఇంటిల్లిపాదియు తెల్లబోవుదురు. ఎండలో నిలువవలెనని, కొండలు గుట్టలు తిరుగవలెనని, జీతము తక్కువయని చెప్పుదురు. ఎండ మాట నిజమే. జీతము మాటయు తొలి యేండ్లలో కొంతవరకు నిజమే. అయినను సొరంగములు, ఆనకట్టలు, ఘాటురోడ్లు, నగరముల మెట్రో మార్గములు, వీనిలో దేనికిని నేల, రాయి తెలిసినవారు లేక పునాది పడదు.

ఇంటరులో గణితము, భౌతిక, రసాయనశాస్త్రములు చదివి, ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల ప్రవేశపరీక్షలలో తగిన స్థానము పొందిన బాలిక ఈ శాఖలో చేరవచ్చును. బలములు, రాపిడి, సమతౌల్యము గూర్చిన పాఠములు తొలి దినములలోనే ఎదురగును. అవి రుచించిన బాలిక పట్టము పిదప గేటు పరీక్ష వ్రాసి, పై చదువునకు పోవచ్చును. అందు అర్హత పొంది చేరిన వారికి చదువుకాలమున నెలనెల విద్యార్థివేతనము దొరకును.